ముప్పై ఒక్కమందికి ఒకే నాయన

"ఈ ఓబులేసు ఎవరండీ?" అన్నాడు తనిఖీ అధికారి సాంబమూర్తి, రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే.

రామతులసమ్మ తెస్తున్న కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. పొద్దున్నుంచీ ఆయన పిల్లల పక్కలు చూశాడు, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూశాడు, బావిలోకి తొంగి చూశాడు. ఎక్కడా వంక పెట్టలేదు. ఇక కాఫీ తాగి సంతకం పెట్టడమే తరువాయి అనుకుంటుంటే ఇప్పుడీ ప్రశ్న.

"మా కావలి మనిషి సార్. గేటు కాడ ఉంటాడు."

"పెళ్లయిందా?"

"కాలేదు సార్."

సాంబమూర్తి రిజిస్టరును నెమ్మదిగా ఆమె వైపు తిప్పాడు. "పెళ్లి కాలేదు. కానీ మీ రిజిస్టరు ప్రకారం ఈయనకు ముప్పై ఒక్కమంది ఆడపిల్లలు. అందులో తొమ్మిదిమంది ఒకే సంవత్సరం పుట్టారు. మనిషి గట్టివాడేనండీ."

ఆ పేజీల్లో ఉన్నది రామతులసమ్మ చేతిరాతే. తండ్రి పేరు అన్న గడిలో పైనుంచి కింది దాకా ఒకటే మాట, ఓబులేసు, ఓబులేసు, ఓబులేసు.

మార్కాపురం శ్రీ చెన్నకేశవ బాలికా సదనానికి ఆమె కార్యదర్శి. తల్లీ తండ్రీ లేని ఆడపిల్లలను చేరదీసి, కూడు పెట్టి, బడికి పంపే చోటు అది. ఊళ్లో నలుగురు వర్తకులు కలిసి పెట్టారు. గుర్తింపు కోసం మొదటి దరఖాస్తు పెట్టింది కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో. ఫైలు కదిలే లోపల రాజధానే కదిలి హైదరాబాదుకు వెళ్లిపోయింది. రెండో దరఖాస్తుకు రెండేళ్లు పట్టింది. ఈలోగా సదనం ఉంటున్న ప్రభుత్వ గోదాము మీదికి కాగితం వచ్చింది. ఈ నెలాఖరులోగా గుర్తింపు చూపించాలి, లేదా ఖాళీ చేయాలి. నెలాఖరుకు ఇంకా ఆరు రోజులే. ముప్పై ఒక్కమంది పిల్లలతో వీధిలో నిలబడాల్సి వస్తుందా, రాదా అన్నది ఇప్పుడు సాంబమూర్తి కలం చివర ఉంది.

"సార్, అదెట్ల జరిగిందంటే..." అని ఆమె మొదలుపెట్టింది.

చెప్పనిచ్చేవాడైతే బట్టల దుకాణం ఉమామహేశ్వర్లు సదనం అధ్యక్షుడు ఎందుకవుతాడు. కొత్త కండువా సర్దుకుంటూ ముందుకు వచ్చాడు. పదిహేను రోజులుగా అద్దం ముందు నిలబడి ఆయన ఒక వాక్యం వల్లె వేస్తున్న సంగతి ఊరంతటికీ తెలుసు. అధికారి ఎదుట చెప్పడానికి సందు దొరక్క పొద్దున్నుంచి కాళ్లు మార్చి కాళ్లు మార్చి నిలబడుతున్నాడు. ఇప్పుడు దొరికింది.

"సార్. మా సదనంలో అనాథలన్నవాళ్లు లేనే లేరు. అందరూ నా బిడ్డలే."

సాంబమూర్తి కలం ఆగింది. "మళ్లీ చెప్పండి."

ఉమామహేశ్వర్లు పొంగిపోయాడు. ఇంకాస్త నెమ్మదిగా, రాసుకోవడానికి వీలుగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. సాంబమూర్తి అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. రామతులసమ్మ కళ్లు మూసుకుంది.

"ఏయ్ పాపా, ఇలా రా," అని సాంబమూర్తి గుమ్మం దగ్గరున్న ఏడేళ్ల యల్లమ్మను పిలిచాడు. "మీ నాన్న ఉన్నాడా?"

"ఉండాడు సార్. అంగో, గేటు కాడ బీడీ తాగుతుండాడు."

"అమ్మ?"

"వంటింట్లో."

"ఈయన?" అని అధ్యక్షుడి వైపు చూపించాడు.

"పెదనాయన."

"అదిగో ఆ మూలన కుర్చీలో కూర్చున్నాయన?"

"చిన్నాయన."

మూలన కుర్చీలో ఉన్నది ఉపాధ్యక్షుడు చెన్నకేశవులు. పలకల వ్యాపారి. ఊరి చుట్టుపక్కల గనుల్లోంచి తీసిన రాతిని బద్దలు చేయించి, చెక్క చట్రాలు బిగించి, దేశమంతా పంపుతాడు. పొద్దున్నుంచి ఆయన నోరు విప్పలేదు. ఇప్పుడూ విప్పలేదు. గోడ మీద బల్లిని చూస్తున్నట్టు చూస్తున్నాడు.

సాంబమూర్తి లేచాడు. ఆయన కోపంగా లేడు, విసిగిపోయి ఉన్నాడు. కోస్తా మనిషి, రెండు నెలలుగా ఈ ఎండల్లో ఊరూరూ తిరుగుతున్నాడు.

"చూడండమ్మా, నేనేమీ పిచ్చివాణ్ణి కాను. ఇక్కడ వరసలు కలిపి పిలుచుకుంటారని నాకూ తెలుసు. కానీ రిజిస్టరు పిలుపు కాదు కదా. క్రితం నెలలో ఒక ఊళ్లో గొర్రెల దొడ్డికి బోర్డు కట్టి సదనమన్నారు. ఇంకో చోట అధ్యక్షుడి మేనకోడళ్లనే అనాథలన్నారు. మీ రిజిస్టరులో ఒక్క పేరూ నిజం కాదు. అధ్యక్షుడుగారేమో అనాథలే లేరని ఆయన నోటితోనే చెప్పారు. నేను హైదరాబాదుకు ఏమని రాయను?"

"అసలు పేర్లు ఇస్తాము సార్. గంటలో రాసిస్తాము."

"గంటలో రాసిచ్చే పేర్లు నాకెందుకు? గంటలో నేనూ రాయగలను." సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "ఈ పిల్లల అసలు తండ్రులెవరో ముందునుంచీ ఎక్కడైనా రాసి ఉందా? ఈ పూట పుట్టించనిది ఏదైనా? ఉంటే, బండి మూడున్నరకు. స్టేషనులో ఉంటాను. లేకపోతే అనాథలు లేరనే రాయక తప్పదు."

అధ్యక్షుడు తన కారులో దిగబెడతానన్నాడు. వద్దని, జట్కా కట్టించుకుని వెళ్లిపోయాడు. భోజనం కూడా చేయలేదు. వంటమనిషి కోటమ్మ పదకొండు రకాలు చేసి పెట్టుకుని, జట్కా వెళ్లిన దారిని చూస్తూ గుమ్మంలో నిలబడింది.

గడియారంలో పన్నెండూ పది.

"ఎట్ల చెప్పినాను?" అన్నాడు ఉమామహేశ్వర్లు, మొహం వెలిగిపోతుండగా. "అక్షరం విడవకుండా రాసుకున్నాడు, చూసినావా?"

రామతులసమ్మ ఆయన్ని చూసింది. ఇరవై ఏళ్లు భర్త కొట్టు చూసుకున్న మనిషి, భర్త పోయాక పదేళ్లుగా ఒంటిచేత్తో సంసారం నెట్టుకొచ్చిన మనిషి. ఎవరితో ఎంత మాట అనాలో ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆ తెలివంతా ఖర్చుపెట్టి ఒక్క మాటతో సరిపెట్టుకుంది.

"అన్నా, ఆ మాటతోనే మన కొంప మునిగింది."

"నా మాటతోనా? రిజిస్టరు రాసిందెవరు?"

అదీ నిజమే. రెండేళ్ల కిందట బళ్లో కొత్త పంతులు హాజరు పిలుస్తూ ప్రతి పిల్ల పేరు పక్కనా 'తండ్రి లేడు' అని చదివాడు. మొదటి రోజు ఎవరూ ఏమీ అనలేదు. మూడో రోజుకు రంగనాయకమ్మ అన్నం ముందు కూర్చుని, "ఎవరిదో ఒకరి పేరు రాయమ్మా, ఊరికే అయినా సరే," అంది. దానికి పదేళ్లు. రామతులసమ్మ కమిటీని పిలిచింది. లేడు అన్న మాట సదనంలో వినపడకూడదని తీర్మానం చేశారు. అయితే ఎవరి పేరు రాయాలి? అధ్యక్షుడు తన పేరన్నాడు. ఉపాధ్యక్షుడు తన పేరన్నాడు. రెండు గంటలు కొట్టుకున్నారు. చివరికి ఆమె విసిగిపోయి, అప్పుడే నీళ్ల కుండ తీసుకొచ్చిన ఓబులేసును చూసి, "వీడి పేరు రాస్తా, ఎవరన్నా కాదంటారా?" అంది. ఎవరూ కాదనలేదు. ఓబులేసు కుండ దించి, అది తన తలమీద పెట్టిన పని అనుకుని, సరేనమ్మా అన్నాడు. ఆ రోజు నుంచి ముప్పై ఒక్కమందీ వాడిని నాయనా అంటారు. వాడు పలుకుతాడు.

"సరే, తప్పు నాదే," అంది రామతులసమ్మ. "ఇప్పుడేం చేద్దామో చెప్పండి. మన దగ్గర పాత కాగితం ఏదన్నా ఉందా? పిల్లలు వచ్చినప్పుడు రాసుకున్నది?"

మూలనుంచి చెన్నకేశవులు గొంతు సవరించుకున్నాడు. "వదినా, నాదొక మనవి. అధ్యక్షులవారికి చెప్పు. బోర్డు సంగతి తేలేదాకా నేను కమిటీ విషయాల్లో మాట్లాడనని ముందే చెప్పినాను."

"నీ బోర్డు తగలెయ్యా," అనబోయి ఆపుకుంది.

బోర్డు గొడవ ఇది. సదనానికి ఊరి దేవుడు చెన్నకేశవస్వామి పేరు పెట్టారు. ఉపాధ్యక్షుడి పేరూ చెన్నకేశవులే. బోర్డు చూసినవాళ్లంతా ఇది పలకల శెట్టి సదనం అనుకుంటున్నారని అధ్యక్షుడి బాధ. బోర్డు మీద 'స్వామి' అన్న మాట పెద్దక్షరాలతో చేర్చాలని ఆయన పట్టు. చేర్చడమంటే తనను అవమానించడమేనని ఉపాధ్యక్షుడి పట్టు. నాలుగు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని రామతులసమ్మ ద్వారా మాట్లాడుకుంటారు.

"దేవుడి పేరు దేవుడిదే అని చెప్పు ఆయనకు," అన్నాడు ఉమామహేశ్వర్లు, పైకప్పు చూస్తూ.

"మా నాయన నాకు పేరు పెట్టినప్పుడు అధ్యక్షులవారిని అడగాల్సిందని చెప్పు," అన్నాడు చెన్నకేశవులు, నేల చూస్తూ.

"ఆరు రోజుల్లో బోర్డు తగిలించడానికి గోడే ఉండదు," అంది రామతులసమ్మ. "అప్పుడు ఇద్దరూ మెడలో వేసుకుని తిరగండి."

ఇద్దరినీ వదిలి పిల్లల గదిలోకి వెళ్లింది. వరసగా కూర్చోబెట్టి అడిగింది. పెద్దవాళ్లు కొందరు చెప్పారు. చిన్నవాళ్లు మూడేళ్లకూ నాలుగేళ్లకూ వచ్చినవాళ్లు. మీ నాయనెవరే అంటే గేటు వైపు వేలు చూపించారు. ఓబులేసును పిలిస్తే, "ఫలానా పిల్ల రాచర్ల నుంచి, ఫలానా పిల్ల పామూరు కాడి పల్లె నుంచి," అని వాడికి తెలిసిన ఊళ్లు చెప్పాడు. తండ్రుల పేర్లు సగం తెలియవు. తెలిసినా ఏం లాభం, ఈ పూట చెప్పిన మాటలు ఆయనకు వద్దు కదా.

రెండు గంటలైంది. ఏం చేయాలో తోచక, తెలిసినంతవరకైనా రాసుకుందామని కాగితం వెతికింది. దొరకలేదు.

"నీ పలక ఇటియ్యి," అంది రంగనాయకమ్మతో.

పిల్ల పలక అందించింది. రామతులసమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎడమ చేత్తో చట్రం పట్టుకుంది. బొటనవేలి కింద ఏదో గరుకుగా తగిలింది. తిప్పి చూసింది. చట్రం వెనకవైపు, చెక్క మీద, మేకు మొనతో గీసిన సన్నటి అక్షరాలు.

'రంగనాయకమ్మ. తం. దేవరాజు, కీ.శే. తర్లుపాడు. చె.'

గబుక్కున పక్క పిల్ల పలక లాక్కుంది. 'తం. అబ్రహాము, కీ.శే. కంభం. చె.' ఇంకోటి. 'తం. పేరయ్య, కీ.శే. దరిమడుగు. చె.'

పలకలు చంకలో పెట్టుకుని పరుగులాంటి నడకతో కమిటీ గదిలోకి వచ్చింది. చెన్నకేశవులు అదే కుర్చీలో, అదే మూలన ఉన్నాడు.

"మరిదీ, ఇదేంది?"

ఆయన ఒకసారి చూశాడు. "పలక."

"పలకని నాకు తెలీదా? దీని వెనకాల రాతేంది?"

"గుర్తు. ఊరికే ఇచ్చినా సరే, ఎవరికి పోయిందో రాయకుండా నా దుకాణంలోంచి పలక బయటికి పోదు. ఎవరి బిడ్డ, ఏ ఊరు, అంతా రాయాల. మా నాయన నేర్పిన పద్ధతి. పిల్ల వచ్చిన రోజే తీసుకొచ్చినవాళ్లను అడిగి నేనే గీకుతా."

"ముప్పై ఒక్కమందికీ?"

"అందరికీ."

"మరి ఆయన అంతసేపు అడుగుతుంటే, ముందునుంచీ రాసి ఉన్నది ఏదన్నా ఉందా అని నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, నువ్వు ఈ కుర్చీలోనే గదా కూర్చున్నావు?"

"కూర్చున్నా."

"చెప్పాలని తోచలేదా?"

"తోచింది," అన్నాడు చెన్నకేశవులు తాపీగా. "అధ్యక్షులవారు మాట్లాడుతున్నారు. మధ్యలో ఉపాధ్యక్షుడు మాట్లాడితే బాగుంటుందా?"

రామతులసమ్మ చేతిలో పలకలు లేకపోతే ఏం జరిగేదో ఆమెకే తెలియదు.

"నీ లారీ యాడుంది?" అంది చివరికి.

"దుకాణం కాడ. సరుకెక్కించి స్టేషనుకు..."

"సరుకు దించు. పలకలెక్కించు. ఈ పలకలు."

"దింపాలంటే గంటన్నర పడుతుంది వదినా."

"అయితే సరుకు మీదే కూర్చుందాం."

రెండూ నలభైకి లారీ కదిలింది. డ్రైవరు పక్కన అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ, మధ్యలో రామతులసమ్మ. కారులో వస్తానన్న అధ్యక్షుణ్ణి ఆమే పట్టి లారీ ఎక్కించింది. ఆ కారు కదలాలంటే నలుగురు తోయాలి, తోసినా కదులుతుందన్న నమ్మకం లేదు. వెనక, గడ్డి పరిచిన పలకల కట్టల మీద, ఒళ్లో గోనెసంచీతో ఓబులేసు. సంచీలో ముప్పై ఒక్క పలకలు. వాడి పక్కన యల్లమ్మ. రావద్దన్నా వినకుండా ఎక్కి కూర్చుంది.

"కొంచెం అటు జరగమని చెప్పు," అన్నాడు ఉమామహేశ్వర్లు.

"జరిగితే తలుపులోంచి కింద పడతానని చెప్పు," అన్నాడు చెన్నకేశవులు.

"ఇంకొక్క మాట నాతో చెప్పించినారంటే ఇద్దరినీ ఈడనే దించుతా," అంది రామతులసమ్మ.

ఊరు దాటిన మలుపులో లారీ ఆగిపోయింది. ఎదురుగా గొర్రెల మంద. రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉన్ని తప్ప ఏమీ కనపడలేదు. డ్రైవరు హారను మోగించాడు. గొర్రెలు హారను వైపే వచ్చాయి. కాపరి మంద చివర ఎక్కడో ఉన్నాడు, అరిచినా వినపడదు. మూడూ ఐదు.

ఓబులేసు సంచీని యల్లమ్మకిచ్చి కిందికి దూకాడు. వాడు పుట్టింది ముండ్లమూరు వైపు, జీవాలు మేపే ఇంట్లో. నాలుక మడిచి వింతగా ఒక కూత వేశాడు. ముందున్న పొట్టేలు తల ఎత్తింది. వాడు రోడ్డు పక్క కంపచెట్ల లోకి నడుస్తూ మళ్లీ కూశాడు. పొట్టేలు వాడి వెంట పడింది, దాని వెంట మంద. లారీ దుమ్ములోంచి ముందుకు పోయింది. ఓబులేసు పరుగెత్తుకొచ్చి వెనక గొలుసు పట్టుకుని ఎక్కాడు. మోకాలు చెక్కుకుపోయింది.

"ఇంతమందికి నాయన అయినవాడికి గొర్రెలొక లెక్కా," అన్నాడు చెన్నకేశవులు, ఎవరికీ కాదన్నట్టుగా. ఉమామహేశ్వర్లుకు నవ్వొచ్చింది. నవ్వితే మాట్లాడినట్టు అవుతుందని కిటికీలోంచి బయటికి చూశాడు.

స్టేషనుకు చేరేసరికి మూడూ ఇరవై రెండు. సాంబమూర్తి ప్లాట్‌ఫారం మీద బెంచీపై కూర్చుని అరటిపండు తింటున్నాడు. బండి అప్పటికే దూరంగా పొగ కక్కుతోంది.

రామతులసమ్మ సంచీ తీసుకుని ఆయన కాళ్ల ముందు ప్లాట్‌ఫారం మీద కుమ్మరించింది. ఒక పలక ఎత్తి, వెనక్కి తిప్పి, చేతికిచ్చింది.

ఆయన చదివాడు. చట్రాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి బొటనవేలితో ఆ గీతలను రుద్దాడు. జేబులోంచి గుండుసూది తీసి ఒక అక్షరంలో గీకి, మొన మీదికి వచ్చిన నల్లటి మట్టిని చూశాడు. రెండో పలక తీశాడు. మూడోది. తొమ్మిదో పలక దగ్గర తల ఎత్తాడు.

"ఈ గీతల్లో ఉన్నది ఇవాళ్టి మురికి కాదు," అన్నాడు. "చేతి జిడ్డు, సుద్ద కలిసి గట్టిపడింది. ఒక పూటలో పుట్టదు ఇది. ఎవరు రాశారు?"

అధికారి ఎదుట చెన్నకేశవులు మొదటిసారి నోరు విప్పాడు. "నేను సార్. గుర్తు కోసం."

"పొద్దున ఎందుకు చెప్పలేదు?"

"సార్, బండి వస్తోంది," అంది రామతులసమ్మ గబగబా.

ఆయన పలక తర్వాత పలక చదువుతూ, పొద్దున తను రాసుకున్న రిజిస్టరు నకలు మీద ఓబులేసు పేరు కొట్టేసి అసలు పేరు రాస్తూ పోయాడు. బండి వచ్చి ఆగింది. ముప్పై అయ్యాయి. చివరి పలక తిప్పాడు. దాని చట్రం కొత్తగా, తెల్లగా ఉంది.

'యల్లమ్మ. రెండోది. చె.'

"ఇదేమిటి?"

"మొదటిది పగలగొట్టింది సార్," అన్నాడు చెన్నకేశవులు. "చట్రం కోటమ్మ పొయ్యిలోకి పోయింది. రెండోసారి ఇచ్చినప్పుడు రెండోది అని రాస్తాము. అదీ పద్ధతే."

"తండ్రి పేరు?"

చెన్నకేశవులు నుదురు రుద్దుకున్నాడు. ఏ ఊరో కూడా గుర్తు రాలేదు. రామతులసమ్మకూ గుర్తు లేదు. ఓబులేసు ముందుకొచ్చాడు.

"ఆ బిడ్డ కనిగిరి సంతలో దొరికింది సార్. ఎవరన్నా అడుగుతారేమోనని సాయంత్రం దాకా ఆడనే కూర్చున్నా. ఎవరూ రాలేదు. ఎత్తుకొచ్చినా."

గార్డు జెండా విప్పుతున్నాడు. సాంబమూర్తి గడియారం చూశాడు. "ముప్పైమంది లెక్కన గుర్తింపు ఇవ్వమని రాస్తాను. ఈ పిల్లకు ఆధారం లేదు. దీన్ని తీసేయండి."

"తీసేసి యాడ పెట్టమంటారు సార్?" అంది రామతులసమ్మ.

"అది నేను చెప్పగలిగేది కాదమ్మా."

"ముప్పై ఒక్కమందిని తెచ్చుకున్నాము సార్. ముప్పైమందితో తిరిగి పోను. కాగితం లేకున్నా సరే."

ఉమామహేశ్వర్లు ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. చెన్నకేశవులు "వదినా" అన్నాడు. ఆమె కదల్లేదు. యల్లమ్మ అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూస్తోంది.

"సార్," అన్నాడు ఓబులేసు. "నేను నిజంగానే నాయన కావాలంటే ఏం చేయాల?"

"పెంచుకుంటావా? పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెట్టాలి. కానీ ఒకటి. అప్పుడు ఈ పిల్లకు తండ్రి ఉన్నట్టు లెక్క. అనాథ కాదు. సదనంలో ఉండటానికి వీల్లేదు. నీ ఇంట్లో ఉండాలి."

"నా ఇల్లు సదనం గేటు కాడే గదా సార్."

సాంబమూర్తి వాడిని చూశాడు. తర్వాత, ఆ రోజు మొదటిసారి, నవ్వాడు. బెంచీ మీద కాగితం పరిచి నాలుగు వాక్యాలు రాసి కలం చాపాడు. "త్వరగా. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు."

ఓబులేసు వేలిముద్ర వేశాడు. ఆపైన ఎవరూ కదల్లేదు.

"బోర్డు మీద పేరు ఎవరిదైనా, మొదటి సంతకం అధ్యక్షుడిది," అన్నాడు ఉమామహేశ్వర్లు.

"పలకలు నావని చెప్పు," అన్నాడు చెన్నకేశవులు. "పలకలు లేకుంటే ఈ కాగితమే లేదని చెప్పు."

గార్డు ఈల వేశాడు.

రామతులసమ్మ కలం లాక్కుంది. సంతకాల చోటు పైవరసలో, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఇంకొక పేరు పట్టకుండా, తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది.

"మొదటి సంతకం అయిపోయింది. ఇంక మీరిద్దరూ కింద వరసలోనే. పక్కపక్కన పెట్టి చావండి."

పెట్టారు. సాంబమూర్తి కదులుతున్న పెట్టె మెట్టెక్కి, కాగితాలు సంచీలో దోపుకుంటూ, "నెలాఖరులోపే గుర్తింపు వచ్చేలా రాస్తాను. బోర్డు ఎవరి పేరు మీద ఉందో కూడా రాయాలా?" అని అడిగాడు.

"వద్దు సార్," అని ముగ్గురూ ఒకేసారి అన్నారు.

సదనానికి తిరిగొచ్చి, పలకల సంచీ దింపించి లోపలికి పోయేసరికి కోటమ్మ ఎదురొచ్చింది. ఆమె మొహం చూడగానే రామతులసమ్మకు ఇంకో గొడవ ఉందని అర్థమైంది. లారీ దిగుతూనే యల్లమ్మ లోపలికి పరుగెత్తి జరిగిందంతా చాటింపు వేసేసింది. ఓబులేసు ఇప్పుడు తనకు ఒక్కదానికే నాయన, కాగితం మీద, వేలిముద్రతో.

ముప్పైమందీ వసారాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ముందు పదకొండు రకాల వంట. ఒక్కరూ ముట్టుకోలేదు.

"ఏందే మీ కథ?" అంది రామతులసమ్మ.

రంగనాయకమ్మ లేచి నిలబడింది. "దానికి ఒక్కదానికేనా నాయన? మేం రెండేళ్లుగా పిలుస్తున్నాము."

"మీ నాయనల పేర్లు మీకు దొరికినాయి గదా. నీకు దేవరాజు. నిజం పేరు."

"ఆయన పిలిస్తే పలుకుతాడా?"

గేటు దగ్గర ఓబులేసు ఇటు తిరిగి నిలబడ్డాడు, చేతిలో ఆరిపోయిన బీడీతో, మోకాలికి గుడ్డ కట్టుకుని. లోపలికి రావాలో వద్దో తెలియనట్టుంది వాడి వాలకం. వెనక కమిటీ గదిలోంచి అధ్యక్షుడి గొంతు వినపడుతోంది, బోర్డు మీద స్వామి అన్న మాట గురించి, నేరుగా ఉపాధ్యక్షుడితోనే.

రామతులసమ్మ తల పట్టుకుని గుమ్మంలో కూలబడింది. ఉదయం నుంచి ఆమె నోట్లో మెతుకు పడలేదు.

"పిలుచుకోండి," అంది. "ఎంతమందన్నా పిలుచుకోండి. రాసుకోవద్దు, అంతే. కోటమ్మా, నాకూ ఒక విస్తరెయ్యి."